1972 లేని చరిత్ర పుస్తకం: మీ కస్టమర్ కేర్‌కి ఒక ఫిర్యాదు లేఖ

హనుమకొండ

కస్టమర్ కేర్ విభాగం ప్రధాన అధికారి గారికి,

విషయం: పేజీలు తప్పిన పుస్తకం గురించి, అంతకంటే ఎక్కువగా మీవాళ్ళు నాతో వ్యవహరించిన తీరు గురించి.

అయ్యా / అమ్మా,

మీ పేరు తెలిస్తే పేరు పెట్టే రాసేవాణ్ణి. మీవాళ్ళని చాలామందిని అడిగాను, ఒక్కరూ చెప్పలేదు. "ఎస్కలేషన్ టీమ్ సర్" అన్నారు, "బ్యాకెండ్ టీమ్ సర్" అన్నారు, "సంబంధిత టీమ్ చూస్తోంది సర్" అన్నారు. ఈ టీముల్లో మనుషులు ఉంటే వాళ్ళలో పెద్దవారికే ఈ ఉత్తరం.

సంగతి చిన్నది. ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలన పోవాలని ఆయుధాలు పట్టిన ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ మీద, అదే ఐఆర్ఏ మీద, ఒక పెద్ద చరిత్ర పుస్తకం మీ దగ్గర కొన్నాను. బైండింగులో ఒక ఫారం, అంటే కలిపి కుట్టే ముప్ఫై రెండు పేజీల కట్ట, జారిపోయింది. 224వ పేజీ పక్కన 225 రాలేదు, మళ్ళీ 193 వచ్చింది. ఆ ముప్ఫై రెండు పేజీలూ రెండోసారి పడి, తర్వాత ఏకంగా 257కి దూకింది. ప్రెస్సుల్లో ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి, దానికి మీమీద నాకు ఏ కోపమూ లేదు. మరో కాపీ పంపి ఉంటే ఈపాటికి ఆ విషయమే మర్చిపోయేవాణ్ణి.

కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద.

ముందు మీ యాప్‌లో చాట్ తెరిచాను. మాట్లాడింది మనిషి కాదు. "డ్యామేజ్ అయింది", "వస్తువు రాలేదు", "వేరే వస్తువు వచ్చింది" అని మూడు బటన్లు చూపించింది. పుస్తకం చిరగలేదు, రాకుండా పోలేదు, వేరే పుస్తకమూ కాదు. నా బాధకి మీ దగ్గర బటన్ లేదు. చివరికి "రాలేదు" నొక్కాను, రానివి పేజీలే కదా అని. "మీ పార్సెల్ డెలివరీ అయినట్టు మా రికార్డులో ఉంది. ధన్యవాదాలు" అని చాట్ మూసుకుపోయింది.

తర్వాత ఫోన్ చేశాను. లైన్లో పెట్టి పాట వినిపించారు. ఆ పాట ఇప్పుడు నాకు నిద్రలో కూడా వస్తుంది. ఎట్టకేలకు ఒకమ్మాయి పలికింది, చాలా మర్యాదగా. "సర్, మిస్ అయిన పేజీల ఫోటో అప్‌లోడ్ చెయ్యండి" అంది. "అమ్మా, లేని పేజీలకి ఫోటో ఎట్లా తియ్యాలి?" అన్నాను. "ఫోటో లేకపోతే సిస్టమ్ ముందుకెళ్ళదు సర్" అంది. సరే, 224వ పేజీ, దాని పక్కన రెండోసారి వచ్చిన 193వ పేజీ, రెండూ కనిపించేలా ఫోటో తీసి పంపాను. మర్నాడు జవాబు వచ్చింది: "ఫోటోలో రెండు పేజీలూ స్పష్టంగా ఉన్నాయి. ప్రొడక్టులో లోపం గుర్తించలేదు."

మళ్ళీ చేస్తే ఈసారి ఒక అబ్బాయి. నేను చెప్పిందంతా విని, లెక్క వేసి మరీ అడిగాడు: "ముప్ఫై రెండు పేజీలు రాలేదంటున్నారు, ముప్ఫై రెండు పేజీలు ఎక్స్‌ట్రా వచ్చాయంటున్నారు. అప్పుడు టోటల్ సరిపోయింది కదా సర్?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే చెప్పండి.

ఇంకొకాయన రిటర్న్ గడువు ఏడు రోజులేననీ, అది దాటిందనీ చెప్పాడు. దాదాపు ఏడు వందల పేజీల పుస్తకం, చివర సన్నటి అక్షరాల్లో నోట్స్. ఏడు రోజుల్లో ఎవరు చదువుతారు బాబూ అంటే, "డెలివరీ కాగానే అన్ని పేజీలూ చెక్ చేసుకోవాలి సర్" అన్నాడు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు పుస్తకంలో పేజీలు ఏరుకోవాలని ఇన్నేళ్ళ చదువులో నాకెవరూ చెప్పలేదు.

బతిమాలగా బతిమాలగా పికప్‌కి ఒక కుర్రాణ్ణి పంపారు. అతను ఫోన్ తీసి ప్రశ్నలు చదివాడు. కవర్ చిరిగిందా? లేదు. తడిసిందా? లేదు. బార్‌కోడ్ ఉందా? ఉంది. అన్నీ ఓకే వచ్చేసరికి యాప్ పుస్తకం తీసుకోనివ్వలేదు. నేను పేజీలు తిప్పి చూపిస్తే, "అవ్ సార్, మల్ల ఎనకకు పోయింది" అన్నాడు. మీ సంస్థ మొత్తంలో ఆ పుస్తకం తెరిచి చూసిన మనిషి అతనొక్కడే. అతనికి మంచి జరగాలి. పుస్తకం మాత్రం నా బల్లమీదే ఉంది.

ఆ సాయంత్రమే మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మా సేవకి ఎన్ని స్టార్స్ ఇస్తారు?" ఎవరు పరిష్కరించారు? ఎప్పుడు? తిరిగి తెరవమంటే కొత్త టికెట్ పెట్టమన్నారు. కొత్తది పెడితే, పాతది పరిష్కారమైంది కాబట్టి దీన్నీ మూసేస్తున్నామన్నారు.

ఇంతటితో ఆగినా ఊరుకునేవాణ్ణేమో. అదే సమయంలో మీ మరో విభాగం రోజూ నన్ను బతిమాలుతోంది: "ఈ పుస్తకంపై మీ అభిప్రాయం రాయండి, మీ మాట మాకు విలువైనది" అని. సరే అని కూర్చుని సమీక్ష రాశాను. నేను జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఊళ్ళో నెలకోసారి పుస్తకాల మీద మాట్లాడుకునే నలుగురం ఉన్నాం, ఈసారి వంతు నాది కూడా. మీరు దాన్ని "మార్గదర్శకాలకు విరుద్ధం" అని తిప్పికొట్టారు. బాంబు, హత్య అన్న మాటలు ఉన్నందుకా, పేజీలు లేవని రాసినందుకా, అదీ చెప్పలేదు. ఆ మాటలు లేకుండా ఐఆర్ఏ గురించి ఎవరైనా ఎట్లా రాస్తారో మీ మార్గదర్శకాలు రాసినవారే చూపించాలి. కనుక ఆ సమీక్ష సారం ఇక్కడ పెడుతున్నాను. కనీసం మీరొక్కరైనా చదువుతారని ఆశ.

పుస్తకం మంచిదే. మన వి.వి. గిరి గారు 1913 నుంచి డబ్లిన్‌లో చదువుకుని, బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగిన 1916లోనే ఐర్లండ్ వదిలి రావలసి వచ్చింది. చిన్నప్పుడు విన్న ఆ ముక్క వల్లే నాకు ఈ విషయం మీద ఆసక్తి. రచయిత తిరుగుబాటునీ, ఉత్తర ఐర్లండ్‌ని బ్రిటన్ కిందే ఉంచి మిగతా ఐర్లండ్‌కి స్వపాలన ఇచ్చిన 1921 ఒప్పందాన్నీ, దాన్ని ఒప్పుకున్నవాళ్ళకీ ఒప్పుకోనివాళ్ళకీ మధ్య జరిగిన అంతర్యుద్ధాన్నీ త్వరగా దాటించి 1969కి వస్తాడు. అక్కడ నిలబడి రాశాడు. ఆ ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్ఫాస్ట్‌లో కాథలిక్కుల ఇళ్ళు తగలబడుతుంటే కాపాడడానికి ఐఆర్ఏ దగ్గర చాలినన్ని తుపాకులు లేకపోవడం, డిసెంబరులో అది అఫీషియల్, ప్రొవిజనల్ అని రెండుగా చీలడం, ఇవి ఇంత వివరంగా నేనెక్కడా చదవలేదు. చీలిక తుపాకుల గురించి మాత్రమే కాదు, పార్లమెంటుని గుర్తించి అందులో కూర్చోవచ్చా అన్న పాత తగాదా గురించి కూడా అని చూపించిన తీరు బాగుంది. విసుగెత్తించేది నాయకత్వపు సమావేశాల వర్ణన. ఎవరు ఏ తీర్మానానికి ఓటేశారో పేజీలకొద్దీ ఉంది. సరిహద్దు జిల్లాల్లో భయంతో బతికిన ప్రొటెస్టెంట్ రైతు గురించి ఒక్క పేరా అయినా పూర్తిగా లేదు.

అసలు చిక్కు ఇప్పుడు చెబుతాను. రెండుసార్లు పడిన ఫారంలో ఉన్నది 1971 ఆగస్టు నాటి నిర్బంధాలు. బ్రిటిష్ సైన్యం ఐఆర్ఏ వాళ్ళన్న అనుమానంతో విచారణ లేకుండా వందలమందిని తెల్లవారుజామున ఇళ్ళలోంచి పట్టుకుపోవడం. 224వ పేజీ చివర, 1972 జనవరి 30న, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ ఊళ్ళో, క్రెగాన్ పేట నుంచి, ఈ నిర్బంధాలకి వ్యతిరేకంగా ఊరేగింపు బయల్దేరుతుంది. పక్క పేజీలో మళ్ళీ నిర్బంధాలు. తిరిగి కథ అందేసరికి 1973 మార్చి, లిబియా ఆయుధాలతో వస్తున్న క్లాడియా అనే ఓడని ఐరిష్ నౌకాదళం పట్టుకుంటోంది.

మధ్యలో ఏం పోయిందో మీకు తెలుసా? బ్లడీ సండే పోయింది. ఆ ఊరేగింపులో బ్రిటిష్ సైన్యపు పారాచ్యూట్ రెజిమెంట్ కాల్పుల్లో ఆరోజే 13 మంది ఆయుధం లేనివాళ్ళు చనిపోయారు, తర్వాత ఇంకొకరు. స్టార్మంట్ ప్రభుత్వం, అంటే ఉత్తర ఐర్లండ్ సొంత ప్రభుత్వం, రద్దు కావడం పోయింది. ఐఆర్ఏ తరఫున జెర్రీ ఆడమ్స్, మార్టిన్ మెక్‌గిన్నెస్ లాంటి కుర్రవాళ్ళని రహస్యంగా లండన్ తీసుకెళ్ళి బ్రిటిష్ మంత్రి వైట్‌లాతో కూర్చోబెట్టిన జూలై చర్చలు పోయాయి. ఆ చర్చలు తప్పిపోయిన కొద్దిరోజులకే, జూలై 21న, ఐఆర్ఏ గంటన్నర లోపే బెల్ఫాస్ట్‌లో ఇరవై దాకా బాంబులు పేల్చి తొమ్మిదిమందిని చంపిన బ్లడీ ఫ్రైడే పోయింది. డిసెంబరులో పదిమంది పిల్లల తల్లి జీన్ మెక్‌కాన్‌విల్‌ని ఐఆర్ఏ వాళ్ళు ఇంట్లోంచి ఎత్తుకుపోయి చంపి, చాటుగా పాతిపెట్టిన ఉదంతం పోయింది. ఆమె అవశేషాలు దొరికింది 2003లో. ఆ ఒక్క ఏడాదే చచ్చిపోయినవాళ్ళు ఐదు వందలకు దగ్గర. మొత్తం ఆ గొడవల కాలంలో మరే ఏడాదీ అంతమంది చావలేదు.

ఇప్పుడు నా కాపీ చదివినవాడు ఏమనుకోవాలి? బ్రిటిష్ సైన్యం తప్పు రెండుసార్లు ఉంది, ఐఆర్ఏ చేసిన ఘోరం అసలు లేదు. అట్లాగని సైన్యం తప్పుల్లోనూ అన్నిటికంటే పెద్దది లేదు. బ్లడీ సండే తెలియకపోతే డెర్రీ కుర్రాళ్ళు ఐఆర్ఏలో చేరడానికి ఎందుకు ఎగబడ్డారో అర్థం కాదు. బ్లడీ ఫ్రైడే తెలియకపోతే సొంత మనుషులే వాళ్ళని ఎందుకు అసహ్యించుకున్నారో అర్థం కాదు. తర్వాతి అధ్యాయాలన్నీ ఆ రెంటి మీదే నిలబడ్డాయి. 1981లో జైల్లో 66 రోజుల నిరాహార దీక్ష చేసి, ఆ మధ్యలోనే ఎంపీగా గెలిచి చనిపోయిన ఐఆర్ఏ ఖైదీ బాబీ శాండ్స్ గురించిన అధ్యాయం కన్నీళ్ళు తెప్పించేలా రాశాడు. కానీ ఆ దీక్షని మెచ్చుకోవాలా, దాదాపు 1,700 మందిని చంపిన సంస్థ ప్రచారంగా చూడాలా అన్నది నేను తేల్చుకోవాలంటే, 1972 గురించి రచయిత ఏమన్నాడో చూడాలి. ఐఆర్ఏని అతను వెనకేసుకొచ్చాడా, నిలదీశాడా అన్నది తేలేది అక్కడే. నా సమీక్షలో ఆ భాగం ఖాళీగా ఉంది. స్టార్స్ ఎన్ని ఇవ్వను?

ఒక మాట. ఆ కుటుంబాల దుఃఖంతో నా పుస్తకం గొడవని పోల్చేంత బుద్ధిలేనివాణ్ణి కాను. కానీ మీ "పరిష్కారమైంది" మెసేజ్ చూసినప్పుడు నాకు విడ్జరీ నివేదిక గుర్తుకురాకుండా పోలేదు. బ్లడీ సండే జరిగిన మూడు నెలలలోపే ఒక విచారణ ముగించి, తప్పు ప్రధానంగా ఊరేగింపు తీసినవాళ్ళదే అన్నట్టు ఫైలు మూశారు. మళ్ళీ ఫైలు తెరిపించి, ప్రధాని కామెరాన్ చేత పార్లమెంటులో క్షమాపణ చెప్పించేసరికి 2010 వచ్చింది, 38 ఏళ్ళు. బ్లడీ ఫ్రైడేకి ఐఆర్ఏ చెప్పిన క్షమాపణ 2002లో, 30 ఏళ్ళకి. మీ సంస్థకి ఎంత పడుతుంది? నా వయసు దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

మీ కంపెనీ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆన్‌లైన్లో డబ్బు కడితే మునిగిపోతామని అందరూ భయపడుతుంటే, మా కాలేజీ లైబ్రరీకి పుస్తకాలు మీ దగ్గరే తెప్పించాను. ప్రిన్సిపాల్‌తో వాదించి మరీ. నా దగ్గర చదివిన పిల్లలు ఎంతోమంది నా మాట మీద మీకు ఖాతాదారులయ్యారు. ఊళ్ళో పుస్తకాల షాపాయన "ఏం సార్, మమ్మల్ని మర్చిపోయిండ్రు" అంటుంటే తలదించుకుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆయన దగ్గరికే వెళ్ళి సంగతి చెప్పాను. పబ్లిషర్‌కి ఫోన్ చేసి కనుక్కుంటానని అక్కడికక్కడే చేశాడు. మీ సభ్యత్వం కోసం ఏటా కడుతున్న డబ్బు ఎందుకో ఇప్పుడు నాకు అర్థం కావడం లేదు.

నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. కూపన్ అంతకంటే అక్కర్లేదు, దయచేసి పంపకండి. పూర్తి పుస్తకం కావాలి, లేదా ఆ ముప్ఫై రెండు పేజీలైనా కావాలి. దాంతోపాటు, ఎవరు ఏం చూసి "పరిష్కారమైంది" అని రాశారో, ఒక మనిషి తన పేరుతో సంతకం పెట్టి నాకు రాయాలి. నిజం చెప్పాలంటే నాకు పుస్తకం కంటే ఆ ఉత్తరమే ముఖ్యం.

ఇదీ జరక్కపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 అని మీకు తెలిసే ఉంటుంది. ముందు అక్కడ మొదలుపెడతాను. 1915 తర్వాత ఏమొస్తుందో ఐర్లండ్ చరిత్ర చదివినవాడికి వేరే చెప్పక్కర్లేదు. నా దగ్గర బాంబులు లేవు, భయపడకండి. జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రిటైరైనవాడి తీరిక ఉంది, మీ చాట్‌ల స్క్రీన్‌షాట్లన్నీ తేదీలవారీగా ప్రింటు తీసి ఫైలు చేసుకున్నాను. ఆ ఫైల్లో పేజీలు అన్నీ ఉన్నాయి, వరసలోనే ఉన్నాయి.

ఇట్లు,
ఇప్పటికింకా మీ కస్టమరే అయిన
ఒక రిటైర్డ్ చరిత్ర లెక్చరర్

తా.క.: మళ్ళీ పికప్‌కి మనిషిని పంపితే, వచ్చిన కుర్రాణ్ణే పంపండి. యాప్‌లో "పేజీలు వరసగా ఉన్నాయా?" అనే ప్రశ్న చేర్చి పంపండి. ఈ ఉత్తరం అందినట్టు ఆటోమేటిక్ మెసేజ్ మాత్రం పంపకండి.