వైరస్ తొలగించాక మౌస్ కదలకపోతే ఫార్మాట్ ఒక్కటే దారి కాదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

మా ప్రొద్దుటూరు వంటి పట్టణాల్లో డీటీపీ కేంద్రాలు, జిరాక్స్ దుకాణాలు, నెట్ సెంటర్లు నడుపుకొనేవారిని తరచూ వేధించే ఒక సమస్యను, దానికి అలవాటుగా చేసేస్తున్న నష్టదాయకమైన రిపేరును మీ పత్రిక ద్వారా పాఠకుల ముందుంచాలని ఈ లేఖ రాస్తున్నాను. పాలిటెక్నిక్ విద్యార్థులకు కంప్యూటర్ హార్డ్‌వేర్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ని. ఈ విషయంలో ప్రజలకు జరుగుతున్న నష్టం పూర్తిగా నివారించదగినదని నా నిశ్చితాభిప్రాయం.

సంగతి ఎక్కడైనా దాదాపు ఒకేలా నడుస్తుంది. ఎవరో దరఖాస్తు ప్రింట్ తీయించుకోవడానికి పెన్‌డ్రైవ్ తెస్తారు. దానిలోంచి వైరస్ ఎక్కుతుంది. దుకాణదారు యాంటీవైరస్ నడిపిస్తే అది కొన్ని ఫైళ్లను పట్టుకుని తొలగించి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయమంటుంది. రీస్టార్ట్ చేశాక తెర మామూలుగానే వస్తుంది గానీ బాణం గుర్తు కదలదు. మౌస్ పాడైందనుకుని కొత్తది తెచ్చి తగిలిస్తారు, అదీ కదలదు. ఇక రిపేరు చేసే ఆయన వచ్చి, వైరస్ ఇంకా లోపలే ఉందనీ, ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేయాలనీ తేల్చేస్తాడు. గంటన్నరలో మౌస్ చక్కగా కదులుతుంది. అప్పటిదాకా ఆ కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు మాత్రం కనిపించవు.

డీటీపీ కేంద్రంలో ఈ నష్టం ఎంతటిదో బయటివారికి తెలియకపోవచ్చు. అను ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారుచేసిన పెళ్లి శుభలేఖలు, దేవస్థానాల కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, దస్తావేజుల నమూనాలు, ఊరి కవులు సొంత ఖర్చుతో వేయించుకున్న పుస్తకాల పేజీలు అన్నీ ఆ ఒక్క హార్డ్ డిస్క్‌లోనే ఉంటాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. ఆ తర్వాత దానికి కొత్త వెర్షన్ రాలేదు. అందుకే చాలామంది పాత విండోస్‌నే అంటిపెట్టుకుని ఉన్నారు. భద్రతా నవీకరణలు ఆగిపోయిన ఆ విండోస్‌కు వైరస్ బెడద ఎక్కువ. మా పట్టణంలోనే ఒక కేంద్రంలో ఈ విధంగా ఫార్మాట్ చేయడంతో, అచ్చుకు సిద్ధమై ఒక్క ప్రూఫ్ దిద్దడం మాత్రమే మిగిలిన ఒక పద్యకావ్యం పేజీలన్నీ పోయాయి. వృద్ధుడైన ఆ కవి మళ్లీ మొదటి నుంచి టైపు చేయించుకోవలసి వచ్చింది. ఆ కంప్యూటర్‌లో అసలు లోపం ఒకే ఒక్క పంక్తికి సంబంధించినదై ఉంటుందని, ఆ లక్షణాలు విన్న నాకు గట్టి నమ్మకం.

ఆ పంక్తి ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. మౌస్ కదలిక నేరుగా తెర మీదికి రాదు. యూఎస్‌బీ నుంచి వచ్చే సంకేతాన్ని ఒక డ్రైవర్, అంటే పరికరాన్ని విండోస్‌తో కలిపే ప్రోగ్రాము, అందుకుని పైనున్న మరో డ్రైవర్‌కు ఇస్తుంది, చివరికి అది విండోస్‌కు చేరుతుంది. ఈ వరుస మధ్యలో కూర్చుని వచ్చేపోయే సంకేతాలను చూసే చిన్న ప్రోగ్రాములను ఫిల్టర్ డ్రైవర్లంటారు. మౌస్ తయారీదారులూ, టచ్‌ప్యాడ్ తయారీదారులూ మంచి అవసరాల కోసమే వీటిని వాడతారు. కీబోర్డు మీద కొట్టే పాస్‌వర్డులను, మౌస్ నొక్కులను దొంగిలించాలనుకునే కొన్ని వైరస్‌లు కూడా ఇదే చోట తమ ఫిల్టర్‌ను చొప్పించి, దాని పేరును విండోస్ తన అమరికలన్నీ రాసుకునే పట్టిక అయిన రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి. యాంటీవైరస్ ఆ దొంగ ఫైలును తీసేసినా రిజిస్ట్రీలో ఆ పేరు ఉన్న పంక్తిని వదిలేస్తే చిక్కు మొదలవుతుంది. కార్యాలయంలో ఒక గుమాస్తాను ఉద్యోగం నుంచి తొలగించి, ఫైలు కదలాలంటే అతని సంతకం ఉండాలన్న నిబంధనను మాత్రం తీసేయకపోతే ఆ ఫైలు ఎక్కడ ఆగుతుందో మౌస్ కూడా అక్కడే ఆగుతుంది. లేని ఫిల్టర్ కోసం వెతికి, అది దొరకక విండోస్ మౌస్‌లూ టచ్‌ప్యాడ్‌లూ చేరే మౌస్ తరగతి మొత్తాన్నే నిలిపివేస్తుంది. ఆ తరగతి కిందికి వచ్చే ఏ కొత్త మౌస్ తెచ్చి పెట్టినా ఫలితం ఉండకపోవడానికి కారణం ఇదే. మరికొన్ని వైరస్‌లు విండోస్ సొంత డ్రైవర్ ఫైలులోకే చొరబడతాయి. అప్పుడు వైరస్‌తో పాటు ఆ ఫైలు కూడా పోతుంది.

కనుక మౌస్ ఆగిపోగానే తేల్చుకోవలసిన మొదటి సంగతి, పాడైనది వస్తువా లేక విండోస్ లోపలి అమరికా అన్నది. మౌస్ అడుగున ఎర్రదీపం వెలుగుతోందంటే దానికి కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. అంతకుమించి ఆ దీపం ఏమీ నిరూపించదు. ఆ మౌస్‌ను మరో కంప్యూటర్‌కు తగిలించి చూడాలి. అలా చేస్తే వైరస్ అంటుకుంటుందని భయపడేవారున్నారు గానీ, సాధారణ మౌస్‌లో ఫైళ్లు దాచుకునే చోటే ఉండదు, అది వైరస్‌ను మోయదు. ల్యాప్‌టాప్ అయితే టచ్‌ప్యాడ్, బయటి మౌస్ రెండూ ఒకేసారి ఆగిపోయాయేమో గమనించాలి. రెండు వేరువేరు పరికరాలు ఒకే రీస్టార్ట్‌తో చెడిపోవడం అసంభవానికి దగ్గర. ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. విండోస్ రికవరీ తెరలోకి వెళ్లి చూడాలి, లేదా పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపించి చూడాలి. ఇవి హార్డ్ డిస్క్‌లోని విండోస్ డ్రైవర్లను వాడుకోవు కనుక, అక్కడ బాణం కదిలితే మౌస్‌లోనూ పోర్టులోనూ ఏ దోషమూ లేదని ఖాయం చేసుకోవచ్చు.

మౌస్ లేకుండా కంప్యూటర్‌ను నడపడం ఎలాగన్న బెంగతోనే చాలామంది ఫార్మాట్‌కు ఒప్పేసుకుంటున్నారు. నిజానికి కీబోర్డు ఒక్కటి చాలు. విండోస్ 10, 11లలో విండోస్ కీతో కలిపి ఎక్స్ నొక్కి, ఆ తర్వాత ఎమ్ నొక్కితే డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. విండోస్ 7లో విండోస్ కీ నొక్కి ఆ పేరును ఇంగ్లిష్‌లో టైపు చేయవచ్చు. బాణం గుర్తుల కీలతో మౌస్ పేరు వరకు వెళ్లి ఎంటర్ నొక్కితే దాని స్థితి కనిపిస్తుంది. అక్కడ కోడ్ 39 ఉంటే డ్రైవర్ ఫైలు లేదనో చెడిందనో అర్థం. కోడ్ 19 ఉంటే రిజిస్ట్రీలోని సమాచారం దెబ్బతిన్నదని అర్థం. ఈ రెండింటిలో ఏది కనిపించినా కొత్త మౌస్ కోసం డబ్బు ఖర్చు చేయనవసరం లేదు. తెర మీద బాణం తప్పనిసరి అనుకుంటే ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడింటినీ కలిపి నొక్కి, అడిగిన ప్రశ్నకు ఎంటర్ కొడితే కీబోర్డు కుడి పక్కన ఉన్న అంకెల కీలే మౌస్‌గా పనిచేస్తాయి. 8, 2, 4, 6 అంకెలు నాలుగు దిక్కులకూ కదుపుతాయి, 5 క్లిక్ చేస్తుంది. ఈ సదుపాయం విండోస్‌లో ఎంతో కాలంగా ఉన్నా దాన్ని వాడేవారు అరుదు.

మౌస్‌ను బాగుచేసే ముందు వైరస్ పూర్తిగా పోయిందని నిర్ధారించుకోవాలి. ఈ వరుస తప్పకూడదు. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఒక భద్రతా నవీకరణ తర్వాత ఎన్నో కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. అందరూ నవీకరణనే తప్పుపట్టారు. విచారిస్తే ఆ కంప్యూటర్లలో అంతకుముందే అల్యూరియాన్ అనే రూట్‌కిట్ (విండోస్ లోతుల్లో దాగే వైరస్) నక్కి ఉందని, విండోస్ కేంద్రభాగం మారేసరికి అది తడబడి కంప్యూటర్‌నే ఆపేసిందని తేలింది. డ్రైవర్ల స్థాయిలో దాగిన వైరస్ విండోస్ నడుస్తుండగా దొరకకుండా తప్పించుకోగలదు. అందుకే విండోస్ 10, 11లలో ఉన్న డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్‌ను వాడమని అందరికీ చెబుతాను. అది విండోస్ మేల్కొనకముందే, సుమారు 15 నిమిషాలలో, డిస్క్‌ను తనిఖీ చేస్తుంది.

ఆ తర్వాతి పని చాలాసార్లు సిస్టమ్ రిస్టోర్‌తోనే ముగుస్తుంది. వైరస్ ఎక్కక మునుపటి తేదీని ఎంచుకుంటే రిజిస్ట్రీ, డ్రైవర్లు ఆనాటి స్థితికి వెళతాయి, మన పత్రాలు, ఫొటోలు తాకబడవు. ఆ సదుపాయం ఆపివేసి ఉంటేనో, పాత స్థితులను దాచిన గుర్తులను వైరస్ చెరిపేసి ఉంటేనో రిజిస్ట్రీలోకి దిగక తప్పదు. ఇక్కడ ఒక ప్రమాదం గురించి నొక్కి చెప్పదలచాను. రిజిస్ట్రీలో అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే రెండు నమోదులనూ పూర్తిగా తొలగించమనే సలహా నోటినోటా తిరుగుతోంది. సీడీ, డీవీడీ డ్రైవులకు అది సరైన సలహాయే. మౌస్ తరగతికి మాత్రం అది గొడ్డలిపెట్టు. మౌస్ తరగతిలోని అప్పర్ ఫిల్టర్స్‌లో మౌక్లాస్ అనే విండోస్ సొంత డ్రైవర్ పేరు తప్పక ఉండాలి, కీబోర్డు తరగతిలో కేబీడీక్లాస్ ఉండాలి. వాటిని చెరిపితే అప్పటిదాకా బాగున్న కీబోర్డు కూడా మూగబోతుంది. అందువల్ల ముందుగా ఆ తరగతిని ఎక్స్‌పోర్ట్ చేసి ఒక నకలు దాచుకుని, అనుమానాస్పదమైన పేరు ఉన్న పంక్తిని మాత్రమే తీసేసి, మౌక్లాస్ పంక్తిని ముట్టుకోకుండా రీస్టార్ట్ చేయాలి. టచ్‌ప్యాడ్ తయారీదారుల పేర్లు కూడా అక్కడ కనిపించవచ్చు, తెలియని పేరల్లా వైరస్ కాదు. డ్రైవర్ల ఫోల్డరులో ఆ పేరుతో ఫైలు ఉందో లేదో చూస్తే విషయం తేలుతుంది. విండోస్ సొంత ఫైలే పోయినట్లయితే విండోస్‌లోనే ఉండే సిస్టమ్ ఫైల్ చెకర్ అనే సాధనం దాన్ని తిరిగి తెస్తుంది. ఇంత పని చేసే ధైర్యం లేనివారు అనుభవజ్ఞులను పిలిపించుకోవడం మంచిది. కానీ పిలిపించుకున్న వ్యక్తికి ఈ మార్గం తెలుసో లేదో ముందే అడగాలి.

వైరస్ ఏమీ లేకుండానే మౌస్ ఆగినట్లు కనిపించే మోసం ఒకటి ఉంది. బ్రౌజర్‌లో హఠాత్తుగా తెర నిండా ఎర్రటి హెచ్చరిక వచ్చి, బాణం మాయమై, కంప్యూటర్‌కు వైరస్ పట్టిందనీ ఫలానా నంబరుకు ఫోన్ చేయమనీ కేకలు వినిపిస్తాయి. అది ఒట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ కీని కొంతసేపు నొక్కి ఉంచితేనో, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కీలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను మూసేస్తేనో పోతుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. ఆ నంబరుకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.

రిపేరు చేసే సోదరులకు నా విన్నపం ఒక్కటే. వారిది శ్రమతో కూడిన వృత్తి. ఫార్మాట్‌కు పట్టే సమయం ఎంతో ముందే తెలుస్తుంది, రిజిస్ట్రీ వెతుకులాట ఎంతసేపు సాగుతుందో తెలియదు కనుక వారు ఆ దారి పట్టడాన్ని నేను అర్థం చేసుకోగలను. అయినా ఫార్మాట్ చేసే ముందు హార్డ్ డిస్క్‌ను విప్పి, మంచి యాంటీవైరస్ ఉన్న మరో కంప్యూటర్‌కు కలిపి, యజమాని ఫైళ్లు కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయని అతనికి చూపించాలి. దానికి వేరే రుసుము అడిగినా ఎవరూ కాదనరు. ఐటీఐలలో, పాలిటెక్నిక్‌లలో విండోస్ వేయడం నేర్పినంత శ్రద్ధగా చెడిన డ్రైవర్‌ను బాగుచేయడం కూడా నేర్పాలని రెండు తెలుగు రాష్ట్రాల సాంకేతిక విద్యాశాఖలను కోరుతున్నాను. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో వైరస్ తొలగింపు సాధనాలు, పెన్‌డ్రైవ్‌లను అదుపు చేసే యూఎస్‌బీ ప్రతిరోధ్ వంటివి ఉచితంగా దొరుకుతాయని ఎందరు నెట్ సెంటర్ల యజమానులకు తెలుసు? పాఠకులకు ఉపయోగపడే ఇటువంటి సమాచారాన్ని మీ పత్రిక జిల్లా సంచికల్లో అప్పుడప్పుడూ ప్రచురిస్తే మేలు.

ఇప్పటికే ఫార్మాట్ చేయించుకుని ఫైళ్ల కోసం బాధపడుతున్నవారికి ఒక మాట. ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకుండా కంప్యూటర్‌ను వెంటనే ఆపివేయండి. పాత రకం హార్డ్ డిస్క్ అయి, చేసింది క్విక్ ఫార్మాట్ అయితే, మళ్లీ విండోస్ వేసినా దాని కింద పడని ఫైళ్లు చాలావరకు మిగిలే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెలికితీయవచ్చు. పూర్తి ఫార్మాట్ చేసి ఉంటే, లేదా డిస్క్ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లతో పనిచేసే కొత్త రకం) అయితే ఆశ చాలా తక్కువ. వెలికితీసిన ఫైళ్లను అదే డిస్క్‌లోకి కాకుండా వేరే డిస్క్‌లోకి దింపుకోవాలి.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
ప్రొద్దుటూరు.