నిందితుడితో పాటు సాక్ష్యమూ రావాలి

సంపాదకులకు,

అయ్యా,

ముంబయి దాడుల కేసులో నిందితుడైన తహవ్వుర్ రాణాను 2025 ఏప్రిల్ 10న అమెరికా నుంచి ఢిల్లీకి తీసుకువచ్చినప్పుడు పత్రికలూ టీవీ చానళ్లూ దాన్ని దౌత్య విజయంగా వర్ణించాయి. అది నిజంగా విజయమే. 2008 నవంబరు 26 రాత్రి మొదలైన ఆ మారణకాండలో 166 మంది ప్రాణాలు కోల్పోయారు, వారి కుటుంబాలు పదహారేళ్లకు పైగా న్యాయం కోసం ఎదురుచూస్తున్నాయి. అయితే రాణాపై అభియోగాలు కోర్టులో ఇంకా రుజువు కావలసే ఉంది. అందుకు ఏ దేశం నుంచి ఏ రికార్డులు రావాలి, ఎవరు వచ్చి సాక్ష్యం చెప్పాలి అన్న చర్చ మాత్రం పెద్దగా వినబడలేదు. నేర దర్యాప్తులో దేశాల మధ్య సహకారమంటే నిందితుణ్ని అప్పగించడమేనన్న అభిప్రాయం స్థిరపడిపోతోందని నా ఆందోళన.

ఆ దాడుల్లో ప్రాణాలతో పట్టుబడిన ఉగ్రవాది కసబ్‌కు పడిన మరణశిక్షను ఖరారు చేస్తూ 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఓపికగా చదివినవారికి ఈ సహకారం అసలు రూపం తెలుస్తుంది. ముంబయి ఒడ్డున ఉగ్రవాదులు వదిలేసి వెళ్లిన రబ్బరు పడవకు యమహా ఇంజను బిగించి ఉంది. దాని నంబరు ఆధారంగా ఆరా తీస్తే, అది జపాన్‌లో తయారై పాకిస్థాన్‌లోని ఒక కంపెనీకి అమ్ముడైనట్టు తేలింది. యమహా సంస్థ తరఫు సాక్షి ఆ విషయాన్ని విచారణ కోర్టుకు చెప్పాడు. తాజ్ హోటల్లో, నారిమన్ హౌస్‌లో కాల్పులు జరుపుతున్నవారికి ఎప్పటికప్పుడు ఆదేశాలిచ్చినవారు ఇంటర్నెట్ ఫోను సదుపాయాన్ని వాడుకున్నారు. ఆ ఖాతా న్యూజెర్సీలోని ఒక చిన్న కంపెనీది. దాడులకు సరిగ్గా ముందు రోజు దానికి ఇటలీలోని బ్రెస్సియా పట్టణం నుంచి 229 డాలర్లు, అంటే అప్పటి మారకంలో సుమారు పదకొండు వేల రూపాయలు, చేరాయి. ఉగ్రవాదుల జీపీఎస్ పరికరాల్లోని సమాచారాన్ని వెలికితీసింది అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నిపుణులు. ఒక ఇంజను నంబరు, ఒక మనీ ట్రాన్స్‌ఫర్ రసీదు, ఒక కంపెనీ ఖాతా పుస్తకం ఇలా వేర్వేరు దేశాల నుంచి ఒకచోటికి చేరబట్టే, కుట్ర సరిహద్దుకు ఆవల జరిగిందన్న మాట వట్టి ఆరోపణగా మిగిలిపోలేదు.

దీనికి భిన్నమైన అనుభవమూ ఇదే కేసులో ఉంది. పాకిస్థాన్‌లో విచారణ ఎదుర్కొంటున్న, దాడుల సూత్రధారుల్లో ఒకడన్న ఆరోపణ ఉన్న లఖ్వీ తదితరుల కేసు కోసం అక్కడి న్యాయ కమిషన్ 2012 మార్చిలో ముంబయి వచ్చి మన సాక్షుల వాంగ్మూలాలు నమోదు చేసుకుంది. రెండు ప్రభుత్వాల మధ్య ముందే కుదిరిన అవగాహన మేరకు సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేసే, అంటే నిందితుల తరఫు న్యాయవాదులు ఎదురు ప్రశ్నలు వేసే, అవకాశం మాత్రం ఇవ్వలేదు. దాన్నే కారణంగా చూపి పాకిస్థాన్ కోర్టు ఆ వాంగ్మూలాలు చెల్లవంది. కమిషన్ 2013 సెప్టెంబరులో మళ్లీ రావలసి వచ్చింది. లఖ్వీ 2015 ఏప్రిల్‌లో జైలు నుంచి బయటికి వచ్చాడు. ఇందులో ప్రధాన దోషం పాకిస్థాన్‌దే, అక్కడి ప్రభుత్వానికి ఈ కేసు తేలాలన్న చిత్తశుద్ధి ఏనాడూ కనబడలేదు. అయినా క్రాస్ ఎగ్జామినేషన్ లేని వాంగ్మూలం కోర్టులో నిలవదని కొత్తగా నల్లకోటు వేసుకున్న న్యాయవాదికి కూడా తెలుసు. వారికి ఆ సాకు అందకుండా మనమే చూసుకోవలసింది.

దాడులకు ముందు ముంబయిలో రెక్కీ చేసిన అమెరికా పౌరుడు హెడ్లీ విషయంలోనూ చాలామంది ఒకవైపే చూస్తున్నారు. 2010లో నేరం ఒప్పుకున్న అతణ్ని భారత్‌కు అప్పగించబోమని అమెరికా హామీ ఇవ్వడం బాధితులకు తీరని అన్యాయమే, ఆ మాటలో నాకు రెండో అభిప్రాయం లేదు. కానీ విదేశీ విచారణల్లో సాక్ష్యం చెప్పితీరాలన్న షరతూ ఆ ఒప్పందంలోనే ఉంది. దాని బలంతోనే 2016 ఫిబ్రవరిలో అతడు వీడియో ద్వారా ముంబయి కోర్టుకు సాక్ష్యం ఇచ్చాడు. ఇక రాణా కేసు. ముంబయి దాడులకు తోడ్పడ్డాడన్న అభియోగంలో 2011లో షికాగో జ్యూరీ అతణ్ని నిర్దోషిగా తేల్చింది, కాబట్టి ఒకే నేరానికి రెండోసారి విచారణ కుదరదని అతడి న్యాయవాదులు వాదించారు. భారత్ మోపిన అభియోగాల్లో రుజువు చేయవలసిన అంశాలు వేరని అమెరికా కోర్టులు ఆ వాదనను తోసిపుచ్చాయి. నిందితుణ్ని అప్పగించమని కోరే అభ్యర్థన పత్రంలో ఏ సెక్షన్లు చేర్చాలి, ఏ వాస్తవాన్ని దేనికి ముడిపెట్టాలి అన్నది ఎంత కీలకమో ఇక్కడ స్పష్టమవుతోంది.

ఇది జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) వంటి పెద్ద సంస్థలకు పరిమితమైన సంగతి కాదు. మన తెలుగు రాష్ట్రాల యువకులను డేటా ఎంట్రీ ఉద్యోగాల పేరుతో కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, సైబర్ మోసాలు చేయిస్తున్న ముఠాల కేసులు మన పోలీసు స్టేషన్లలోనే నమోదవుతున్నాయి. ఇక్కడి ఏజెంట్లు దొరుకుతున్నారు గానీ సర్వర్లు, బ్యాంకు ఖాతాలు, అసలు యజమానులు పరాయి దేశాల్లో ఉంటున్నారు. అక్కడి నుంచి సాక్ష్యం రావాలంటే జిల్లా స్థాయి దర్యాప్తు అధికారి నేర విచారణ విధానాన్ని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత 112వ సెక్షన్ కింద కోర్టు ద్వారా అభ్యర్థన లేఖ సిద్ధం చేయించాలి, అది కేంద్ర హోం శాఖ మీదుగా వెళ్లాలి. రోజూ బందోబస్తుల్లో తలమునకలయ్యే ఇన్‌స్పెక్టరు ఒంటరిగా ఈ పని చేయగలడని ఆశించడం న్యాయం కాదు. లేఖ ఆలస్యమైతే అటువైపు కంపెనీలు పాత లాగ్‌లను, అంటే వాడకం వివరాల రికార్డులను, చెరిపేస్తాయి, తర్వాత ఎంత అడిగినా ప్రయోజనం ఉండదు.

కాబట్టి రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ సీఐడీలో న్యాయవాదులు, అనువాదకులు, సైబర్ నిపుణులతో కూడిన ఒక ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసి, విదేశీ సాక్ష్యం కావలసిన ప్రతి కేసునూ మొదటి వారంలోనే దానికి అప్పగించాలి. కేంద్రం కూడా ఏటా విదేశాలకు ఎన్ని అభ్యర్థనలు పంపింది, ఎన్నింటికి జవాబు వచ్చింది, ఎన్ని ఎందుకు తిరిగి వచ్చాయి అన్న వివరాలను దేశాల వారీగా పార్లమెంటు ముందు ఉంచాలి. మన ఎంపీలు రానున్న సమావేశాల్లోనే ఈ ప్రశ్న అడగాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక న్యాయవాది, రాజమహేంద్రవరం