మధ్యలో ఆపేయకు నాన్నా

రాజోలు

చి. చిన్నాకి అమ్మ ఆశీస్సులు.

"డిప్రెషన్ తగ్గాలని ఇన్ని వారాలుగా కౌన్సిలింగ్‌కి వెళ్తున్నా తేడా ఏం లేదమ్మా, మానేస్తాను" అన్నావు. ఫోన్లో వాదించడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావు.

తేడా లేదని నువ్వంటున్నావు గానీ నాకు కనిపిస్తోంది. పోయిన ఆదివారం కొబ్బరికాయ రేటెంతుందని అడిగావు. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉందన్నావు. ఎండాకాలం నుంచి నువ్వంతట నువ్వు ఇంటి సంగతి ఒక్కటి అడగలేదు నాన్నా. మనసు తేలికపడితే పనులు మొదలవుతాయని అనుకుంటాం, చాలాసార్లు పనులే ముందు మొదలవుతాయి, మనసు ఆ తర్వాత కదులుతుంది. మీ కౌన్సిలర్ మేడమ్ సాయంత్రం నడవమని, స్నేహితులకి ఫోన్ చెయ్యమని రాసిస్తున్నది అందుకే. గోవాలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, డాక్టర్లు కాని మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాట్లాడించారు. ముఖ్యంగా చేయించింది ఇదే, ఆగిపోయిన పనులు ఒక్కొక్కటీ మళ్ళీ మొదలుపెట్టించడం. మూడు నెలలకి చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ళకంటే వీళ్ళు బాగా కోలుకున్నారు. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఏఎన్ఎంగా ఇన్నేళ్ళు లంక ఊళ్ళు తిరిగినదాన్ని కదా, అలా కూర్చుని మాట్లాడేవాళ్ళు అప్పుడు ఉండుంటే, గోడవైపు తిరిగి పడుకున్న ఎంతమంది ఆడవాళ్ళు లేచేవాళ్ళో అనిపించింది.

నీచేత నింపించే ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది చూడు, దాన్ని తేలిగ్గా తీసుకోకు. మొత్తం 27 మార్కులు, ఎంత ఎక్కువొస్తే జబ్బు అంత ఎక్కువున్నట్టు. మొదట 19 వచ్చిందన్నావు, ఇప్పుడు 14. ఐదు మార్కులు తగ్గితే దాన్ని నిజమైన మార్పుగానే లెక్కేస్తారు. సగానికి తగ్గితే చికిత్స పనిచేసిందంటారు, ఐదులోపుకి వస్తే జబ్బు దాదాపు పోయినట్టే. ఒక వారం పెరిగిందని బెంగపడకు, అందరికీ మెట్లు దిగినట్టు వరసగా తగ్గదు. కొందరికి వారాల తరబడి కదలిక లేక, ఒక సెషన్‌కీ తర్వాతి సెషన్‌కీ మధ్య ఒక్కసారిగా చాలా తగ్గుతుంది. టాంగ్, డెరూబీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో దీన్ని గమనించి రాశారు. దానికి ముందు సెషన్‌లో ఏం జరిగిందో వెతికితే, ఆ మనిషి తన గురించి తాను గట్టిగా నమ్ముతున్న ఏదో ఒక చెడ్డ ఆలోచన అక్కడ కాస్త మారి ఉంది. అలా ఒక్కసారిగా తగ్గినవాళ్ళు చివర్లో కూడా మిగతావాళ్ళకంటే మెరుగ్గా ఉన్నారు. నీకూ అలాగే వస్తుందని మాటివ్వలేను. నీకు చేస్తున్న కౌన్సిలింగ్ పద్ధతిలో సెషన్లు మామూలుగా పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటాయి, సగం కూడా కాకుండా తేల్చేయకు అంటున్నాను.

మానేస్తానని నాతో అన్న మాట మీ మేడమ్‌తోనే అను. "నాకు తేడా తెలియడం లేదు, మీరు చెప్పే పనులు చెయ్యబుద్ధి కావడం లేదు" అని మొహమాటం లేకుండా చెప్పు. బాగుపడని సంగతి ముందే తెలిస్తే వాళ్ళు దారి మార్చగలరు. కౌన్సిలింగ్ అందరికీ సరిపోదు, కొందరికి మందు కలపాలి, కొందరికి కౌన్సిలింగ్ చేసే మనిషినే మార్చాలి. అది ఆవిడా నువ్వూ కూర్చుని తేల్చుకోండి. డాక్టరు ఇచ్చిన మాత్రలు మాత్రం నీ అంతట నువ్వు ఆపకు.

ఆ తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన గురించినది, ఎప్పుడైనా సున్నా కాకపోతే అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. నాకు చెప్పలేకపోతే 14416కి చెయ్యి, టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ ఫోన్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

సంక్రాంతికి వస్తే ఆ వారం సెషన్ పోతుందని టెన్షన్ పడకు. ఫోన్లో మాట్లాడతారేమో ఆవిడని ముందుగా అడుగు. మేడమీద గది నీకే ఉంచుతాను, చుట్టాలెవరినీ పైకి రానివ్వను.

ఉంటాను,
అమ్మ