నొప్పి తగ్గించే మందు ఊరి దగ్గరే దొరకాలి

చిత్తూరు జిల్లా పల్లెల్లో ముదిరిన క్యాన్సర్ రోగులకు నొప్పి తగ్గించే వైద్యం సరిగా అందడం లేదు. 'ఇంక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి' అని ఆసుపత్రిలో చెప్పించుకుని వచ్చినవాళ్లు రాత్రంతా మూలుగుతుంటే, ఇంట్లోవాళ్లు మెడికల్ షాపు నుంచి మామూలు నొప్పి బిళ్లలు తెచ్చి వేయడం మా పలమనేరు వైపు చూస్తూనే ఉన్నాను. ఆ నొప్పికి అవి ఏ మూలకూ చాలవు. అంత నొప్పిని తగ్గించే గట్టి మందైన మార్ఫిన్ మాత్రల కోసం కొడుకో కోడలో కూలి మానుకుని మళ్లీ తిరుపతి బస్సెక్కాలి. అసలు చేసేదేమీ లేదన్న మాటే తప్పు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరినవారికి చికిత్సతో పాటు మొదటినుంచే ఉపశమన వైద్యం (నొప్పి, ఇతర బాధలు తగ్గించే వైద్యం) ఇస్తే దిగులు తగ్గడమే కాదు, మధ్యస్థ జీవితకాలం (సగంమంది రోగులు దాటి బతికిన కాలం) 8.9 నెలల బదులు 11.6 నెలలు ఉందని 2010లో అమెరికా పరిశోధకులు చూపించారు. గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఉంచుకోవడాన్ని సులువు చేస్తూ 2014లోనే మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించారు కూడా. జిల్లాలోని ఏరియా ఆసుపత్రులన్నిటికీ ఆ గుర్తింపు ఉండేలా చూసి, ఒక్కోచోట ఒక డాక్టరుకైనా శిక్షణ ఇచ్చి, ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు వారానికోసారి రోగి ఇంటికి వెళ్లేలా జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వెంటనే ఏర్పాటు చేయాలి.

– ఒక పాఠకురాలు, పలమనేరు