అర్ధరాత్రి పంపు తెచ్చిన డాక్టరమ్మకు కృతజ్ఞతలు

బట్టలు ఉతికే బండ దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న మా అమ్మకు కర్నూలులో ఆపరేషన్ జరిగి నేటికి ఆరు రోజులు. నిన్న వాకర్ పట్టుకొని వరండా చివరిదాకా నడిచింది. అన్నావదినెలు, మావారు చేయవలసినదంతా చేశారు. వారికి వేరే చెప్పనక్కరలేదు.

చెప్పవలసింది మత్తువైద్యంలో పీజీ చదువుతున్న ఒక అమ్మాయి గురించి. వెన్నులో ఇచ్చిన మత్తు మొదటిరోజు సాయంత్రానికే దిగిపోయింది. ఎనిమిది గంటలకొకసారి నొప్పికి ఇచ్చే ట్రమడాల్ ఇంజెక్షన్ నాలుగు గంటలకే పలచబడితే, మిగిలిన సమయమంతా అమ్మ పళ్లు బిగబట్టుకొని పడుకునేది. అడిగితే "ఇంకా టైం కాలేదు" అన్నదే సమాధానం. రెండో రాత్రి ఒంటిగంటకు, ఏదో అత్యవసర ఆపరేషన్ ముగించుకొని వెళ్తున్న ఆ అమ్మాయి అమ్మ మూలుగు విని ఆగింది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి, అనుమతి తీసుకొని, నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్‌ను రోగే బటన్ నొక్కి ఎక్కించుకునే పంపు తెచ్చి బిగించింది. నొక్కిన ప్రతిసారీ ఒక మిల్లీగ్రాము రక్తంలోకి వెళ్తుందని, పది నిమిషాలలోపు ఎన్నిసార్లు నొక్కినా మందు రాదని, మగత కమ్మితే రోగి చేయి దానంతటదే ఆగుతుంది గనుక అమ్మ తప్ప ఇంకెవ్వరూ, ముఖ్యంగా నేను, ఆ బటన్ ముట్టకూడదని ఓపికగా వివరించింది. వెన్నులో సన్నని గొట్టం ద్వారా మందు ఎక్కించవచ్చు కదా అంటే, రక్తం గడ్డకట్టకుండా ఇస్తున్న ఇంజెక్షన్ల వల్ల ఆ గొట్టం పెట్టడంలోనూ తీయడంలోనూ రక్తస్రావం భయం ఉంటుందని చెప్పింది.

"నొక్కినప్పుడల్లా ఎంత లెక్క పడ్తాది పాపా?" అని ఖర్చుకు భయపడి అమ్మ అడిగింది.

"లెక్కేమీ లేదవ్వా" అంటూ అమ్మ బొటనవేలిని బటన్ మీద ఆనించి, తానే నొక్కేదాకా ఆ చేయి వదల్లేదు. తర్వాత మూడు గంటలదాకా పక్కనే కూర్చొని, గడియారం చూస్తూ అమ్మ ఊపిరి లెక్కపెట్టింది. అమ్మ నిద్రపోయింది. నేను మెట్ల మీదికి పోయి ఏడ్చాను. మరునాడు వాంతులైతే, మార్ఫిన్‌తో అది మామూలేనని మందు రాయించిందీ తనే.

ఆ పంపు మొదటి రాత్రి కూడా అదే అంతస్తులో, బీరువాలోనే ఉందట! తలచుకుంటే కడుపు మండుతోంది. మార్ఫిన్ అంటే కాగితాలు, రిజిస్టర్లు అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని ఇటువంటి వైద్యావసరాల కోసమే 2014లో సవరించి అనుమతులు సులభం చేశారు కదా. మరి బీరువా తాళం తీయించడానికి ఒక విద్యార్థిని నిద్ర మానుకోవలసి వచ్చిందెందుకు?

రాత్రి డ్యూటీ సిస్టరు గారికి, మొహం చిట్లించకుండా బెడ్‌పాన్ తీసిన ఆయమ్మకు, రక్తం ఇచ్చిన ఇద్దరు కుర్రవాళ్లకు కూడా నమస్కారాలు. అన్నట్టు, పక్క మంచం ఆదోని వాళ్లు వేడినీళ్లు పోసి ఇచ్చిన ఫ్లాస్కు మా సామానుతో పాటు మా ఇంటికి వచ్చేసింది. ఇది చూస్తే కబురు చేయగలరు.