మార్చి నుంచి జూన్ మధ్య మా దగ్గర పాయింట్లు మార్పించుకున్నవాళ్ళకి

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మన గ్యారేజీకి పాత అంబాసిడర్, పద్మినీ కార్లు తెచ్చేవాళ్ళకి ఈ మాట నెల ముందే చెప్పాల్సింది, కానీ అసలు సంగతి నాకే ఆలస్యంగా అర్థమైంది. ఈ వేసవిలో మేము, ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (కాయిల్ కరెంట్ తెంచే స్విచ్), కండెన్సర్ మార్చి పంపిన బళ్ళలో 11 బళ్ళు తిరిగొచ్చాయి. కొన్ని మిస్సింగ్ కొడుతూ వచ్చాయి, రెండు తాడు కట్టి లాక్కొస్తే వచ్చాయి. పదింటిలో తప్పు బండిది కాదు, పెట్రోలుది కాదు, మీరు నడిపే తీరుది అసలే కాదు. మేము వేసిన సామానుది, దాన్ని సరిగ్గా చూడకుండా వేసిన నాది.

గుడివాడ నుంచి వచ్చే ఒక మాస్టారి బండితో మొదలైంది ఇది. 1978 అంబాసిడర్, మార్క్ 3. పెట్రోల్ పోయించిన ప్రతిసారీ కిలోమీటర్లు నోటుబుక్కులో రాసుకునే మనిషి ఆయన. ఏప్రిల్‌లో కొత్త పాయింట్లు వేసి పంపాం. కంకిపాడు దాటగానే ఇంజన్ రెండు మూడు సార్లు కుదిపి ఆగిపోయింది, అరగంట చెట్టు నీడన పెడితే మళ్ళీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది. ఫోన్ చేస్తే నేను, "ఎండకి లైన్‌లో పెట్రోల్ ఆవిరవుతోంది మాస్టారూ, పంపు మీద తడిగుడ్డ వేయండి" అని చెప్పేశాను. బెజవాడ ఎండల్లో పాత బళ్ళకి అది మామూలే కాబట్టి ఇంకేమీ ఆలోచించలేదు. ఆయన తడిగుడ్డ వేశారు. మళ్ళీ ఆగింది. ఇంకోసారి ఆగినప్పుడు బండిలో ఆయన భార్య కూడా ఉన్నారు, మిట్టమధ్యాహ్నం ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడాల్సొచ్చింది. దానికి ఆయనకి నేరుగా క్షమాపణ చెప్పాను, ఇక్కడ కూడా చెబుతున్నాను.

ఆ తర్వాత నేనే ఆ బండి తీసుకుని అదే రోడ్డు మీద వెళ్ళాను, మా కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని. ఉయ్యూరు చేరకముందే ఆగింది. కార్బురేటర్‌లోకి పెట్రోల్ బాగానే వస్తోంది. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, వాణ్ణి సెల్ఫ్ కొట్టమని చూస్తే, పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ వాటి మధ్య పెద్ద మంట లేస్తోంది. కాయిల్ తీగ దగ్గర మాత్రం స్పార్క్ పలచగా, పసుపుపచ్చగా ఉంది. పాయింట్లు ముట్టుకోకుండా కండెన్సర్ ఒక్కటి మార్చాను, బండి వెంటనే అందుకుంది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే మీకూ ఉపయోగం కాబట్టి చెబుతాను. పాయింట్లంటే ఒక స్విచ్, అంతే. మూసుకున్నప్పుడు కాయిల్‌లో కరెంట్ పారుతుంది, తెరుచుకున్న క్షణంలో ఆ కరెంట్ టక్కున తెగాలి, తెగితేనే కాయిల్ ప్లగ్గుకి వేల వోల్టులు పంపుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ 3000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే ఈ పని సెకనుకి 100 సార్లు జరుగుతుంది. తెగేటప్పుడు కరెంట్ ఆ ఖాళీ మీదుగా దూకబోతుంది, దాన్ని ఆ క్షణానికి తనలోకి తీసుకునేది కండెన్సర్. అది పోతే రెండు నష్టాలు: పాయింట్లు కాలిపోతాయి, స్పార్క్ కూడా చచ్చుబడుతుంది.

మా దగ్గర మిగిలిన కండెన్సర్లన్నీ మీటర్ పెట్టి చూశాను. చల్లగా ఉన్నప్పుడు 0.2 మైక్రోఫారడ్ దగ్గర చక్కగా చూపించాయి. హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తే సగానికి పైగా వాటిల్లో రీడింగ్ పడిపోయింది, చల్లారాక మళ్ళీ మామూలే. అందుకే ఇవి గ్యారేజీలో బాగుండి రోడ్డు మీద ఆగిపోయేవి. ఆ పెట్టె మొత్తం పక్కన పడేశాను.

కాయిల్ విషయంలో తప్పు ఇంకా పెద్దది, అది పూర్తిగా నాది. నాలుగు బళ్ళకి కొత్త కాయిల్ కూడా వేశాం. బలాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్ళే కరెంట్ తగ్గించే ముక్క) లేని అంబాసిడర్‌కి ప్రైమరీ (బ్యాటరీ కరెంట్ పారే చుట్ట) రెసిస్టెన్స్ సుమారు 3 ఓమ్‌లు ఉన్న కాయిల్ వేయాలి, అప్పుడు 12 వోల్టుల మీద పాయింట్ల గుండా 4 ఆంపియర్లు పోతాయి. మేము వేసినవి కొలిస్తే 1.5 ఓమ్‌లు. అవి బలాస్ట్ ఉన్న బళ్ళ కోసం చేసినవి. అంటే 8 ఆంపియర్లు, రెట్టింపు. పాయింట్లు నెల తిరక్కుండా నల్లబడి, ఒకదాని మీద గుంట, రెండోదాని మీద బుడిపె వచ్చేశాయి. డబ్బా మీద 12 వోల్ట్ అని ఉంది కదా అని నమ్మాను. మీటర్ పెడితే అర నిమిషం పని, పెట్టలేదు.

మూడోది హీల్. పాయింట్లని తెరవడానికి తిరిగే క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అది. ఈ సెట్లలో అది మెత్తగా ఉంది. మేము పాయింట్ల మధ్య 15 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) గ్యాప్ పెట్టి పంపిన బండి 600 కిలోమీటర్లకే 9 థౌతో వచ్చింది. గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా పడి పికప్ ఉండదు, ఇంజన్ వేడెక్కుతుంది. "ట్యూనింగ్ చేయించాక బండి ఇంకా బద్ధకంగా అయింది" అన్నవాళ్ళు సరిగ్గానే చెప్పారు, రన్నింగ్‌లో సర్దుకుంటుంది అని నేను అనకుండా ఉండాల్సింది.

మిగిలిన ఆ ఒక్క బండి సంగతి వేరు. డిస్ట్రిబ్యూటర్ లోపల ప్లేటుకి ఎర్త్ ఇచ్చే చిన్న తీగ పైన గుడ్డ బాగానే ఉండి లోపల తెగింది. టైమింగ్ సర్దడానికి ఇంజన్ వాక్యూమ్ (పీల్పు) ఆ ప్లేటుని లాగినప్పుడల్లా ఎర్త్ పోయేది. అది దొరకడానికి మాకు ఒక పూట పట్టింది.

ఇప్పుడు ఏం చేస్తున్నామంటే, ఆ నాలుగు నెలల్లో మా దగ్గర పని చేయించుకున్న బళ్ళన్నీ, ఇబ్బంది ఉన్నా లేకపోయినా, తీసుకురండి. పాయింట్లు, కండెన్సర్, అవసరమైతే కాయిల్ మారుస్తాం, సామానుకీ పనికీ డబ్బు తీసుకోం. బయట ఎక్కడైనా బాగు చేయించుకుని ఉంటే ఆ బిల్లు తెండి, ఇచ్చేస్తాను. ఇకనుంచి ప్రతి కండెన్సర్‌నీ వేడి చేసి చూశాకే వేస్తాం, ప్రతి కాయిల్ ఓమ్‌లూ కొలిచి బిల్లు మీద రాస్తాం. కొత్త పాయింట్ల మీద తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు ఉంటుంది, దాన్ని పెట్రోల్‌తో తుడిచి, క్యామ్‌కి గ్రీజు రాశాకే గ్యాప్ పెడతాం. మంచి సెట్లు చెన్నై నుంచి తెప్పిస్తున్నాను, ధర ఎక్కువే, ఈ విడతకి ఆ తేడా నాదే. పద్మినీలకి గ్యాప్ వేరు, అది వాటి పుస్తకం ప్రకారమే పెడతాం.

వచ్చేలోపు రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఇంజన్ ఆపి కీ ఆన్‌లో ఉంచి పాటలు పెట్టుకోవద్దు, పాయింట్లు మూసుకున్న చోట ఆగి ఉంటే కాయిల్ అలాగే కాలుతుంది. ఇంట్లో పాయింట్లు శుభ్రం చేసుకోవాలనిపిస్తే ఎమెరీ పేపర్ వాడొద్దు, ఆ గరుకు పొడి మధ్యలో ఇరుక్కుని కరెంట్‌కి అడ్డం పడుతుంది. సన్నటి పాయింట్ ఫైల్‌తో రెండు గీతలు చాలు. గుంటపడ్డ పాయింట్ల మధ్య ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే పలచటి రేకు) పెడితే బుడిపె మీద ఆగి తప్పుడు కొలత చూపిస్తుంది, అప్పుడు కొలవడం కాదు, మార్చడమే.

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకోమంటారా అని చాలామంది అడిగారు. అడిగితే పెడతాను, బాగానే పనిచేస్తాయి. నా సొంత బండికి మాత్రం పాయింట్లే ఉంచుకున్నాను, ఎందుకంటే పాయింట్లు పాడయ్యే ముందు ఎక్కువసార్లు ఏదో ఒక సూచన ఇస్తాయి, రోడ్డు మీద చిన్న ఫైలుతో ఇంటిదాకా రావచ్చు. ఈ వేసవి చూసి భయపడి మాత్రం మార్చుకోవద్దు.

మంగళ, శుక్రవారాలు ఈ బళ్ళకే ఉంచాను, ముందు ఫోన్ చేసి రండి. దూరం నుంచి వచ్చేవాళ్ళు పొద్దున్నే వస్తే మధ్యాహ్నానికి పంపేస్తాం. మాస్టారి బండికి కొత్త సెట్ వేసి 15 థౌ పెట్టాం, ఆయన నోటుబుక్కులో ఇప్పటికి 740 కిలోమీటర్లు. 1000 అయ్యాక తెస్తానన్నారు, ఆ రోజు గ్యాప్ ఎంత ఉందో కొలిచి మీ అందరికీ చెబుతాను.