కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: వంటింటి నీళ్లు, పత్తి కట్టె బొగ్గు

సభ్యులందరికీ నమస్కారం. వీధి లైట్లు, బతుకమ్మ ఏర్పాట్లు, చందాల లెక్కలు కోశాధికారి ఇచ్చిన కాగితాల్లో ఉన్నాయి, ఒకసారి చూసుకోండి. ఈ ఏడాది మనం ఎక్కువ కష్టపడింది కమ్యూనిటీ హాలు వంటగది నీళ్ల మీద, కాబట్టి దాని గురించే కాస్త వివరంగా రాస్తున్నాం.

హన్మకొండలో మోరీల్లోకి వదిలే సబ్బు, నూనె, మెతుకులు నాలాల్లో పడి చెరువుల దాకా పోతాయి, అక్కడ గుర్రపు డెక్క పెరగడానికి అదే బలం. ఆ నీళ్లను బయోచార్‌తో వడకట్టి చెట్లకు పెట్టాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం.

బయోచార్ అంటే గాలి పెద్దగా తగలకుండా కాల్చిన బొగ్గు. పత్తి ఏరడం అయిపోయాక చేలల్లో తగలబెట్టే కట్టెనే తెచ్చాం, మన దగ్గర దానికి కొదవ లేదు. పొగ పోయే సందు వదిలిన రేకు డ్రమ్ములో కాల్చి, నీళ్లతో ఆర్పి, శనగ గింజంత ముక్కలు చేసి, బూడిద పోయేదాకా కడిగాం. వడపోత డ్రమ్ములో అడుగున కంకర, మధ్యలో బొగ్గు, పైన దొడ్డు ఇసుక.

వాసన, రంగు, సబ్బు మురికి బొగ్గులోని సన్నటి రంధ్రాల గోడలకు అంటుకుంటాయి. కానీ బొగ్గు మీద సాధారణంగా రుణావేశం (నెగటివ్ చార్జ్) ఉంటుంది, నీళ్లలో కరిగి ఉండే నైట్రేట్‌కూ అంతే, ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, అందుకని నైట్రేట్ దాదాపు అలాగే దాటిపోతుంది. సూక్ష్మజీవులన్నీ పోతాయన్న భరోసా కూడా లేదు. ఈ నీళ్లు చెట్ల మొదళ్లకే, ఆకుకూరల మీద చల్లొద్దు, పిల్లలను ఆడుకోనివ్వొద్దు.

అసలు టెన్షన్ జిడ్డుతో వచ్చింది. పెళ్లిళ్ల సీజన్‌లో నూనె గిన్నెలు కడిగిన నీళ్లు నేరుగా పడి ఇసుక మీద తెట్టులా పేరుకుని, రంధ్రాలు పూడిపోయి డ్రమ్ము పొంగింది. డ్రమ్ముకు ముందు, నూనె పైకి తేలి ఆగిపోయేలా ఒక జిడ్డు తొట్టి కట్టించాక నీళ్లు సాఫీగా దిగుతున్నాయి. బొగ్గు ఎంత మంచిదైనా ఆ తొట్టి శుభ్రంగా లేకపోతే లాభం లేదు, మా అనుభవంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే.

వరంగల్ కొత్తవాడలో దర్రీల (నేసిన తివాచీల) అద్దకం చేసే బంధువులున్న సభ్యులు కొందరు రంగు నీళ్లకు ఇది పనికొస్తుందా అని అడిగారు. 600 డిగ్రీలు దాటి కాల్చిన బొగ్గు చాలా రంగులను పట్టుకుంటుంది, కాకపోతే రంగు రకాన్ని బట్టి తేడా ఉంటుంది, ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. వంటగదిలో వాడేసిన బొగ్గును కంపోస్టులో కలుపుతున్నాం, అద్దకం నీళ్లు తాగిన బొగ్గును మాత్రం చేలో వేయకూడదు, అందులో లోహాలు ఉండొచ్చు.

తొట్టిలో పేరుకున్న జిడ్డు వారానికోసారి తీయాలి. వంతులకు పేర్లు ఇచ్చేవాళ్లు ఈ నెలాఖరులోగా కార్యదర్శికి చెప్పండి.